ఖైరతాబాద్ మాత దగ్గరికి కాలినడకన

మొన్న ఆదివారం ఖైరతాబాద్ వేళాంగణి మాత, అంటే మన మరియమ్మ తల్లి గుడికి నడిచి వెళ్లి మొక్కు చెల్లించుకున్నాను. అరికాళ్ల మంట ఇంకా తగ్గలేదు. అయినా ఇప్పుడే రాయాలనిపిస్తోంది. నాలుగు రోజులు పోతే ఇంటి పనుల్లో పడి సగం మరిచిపోతాను. మరిచిపోకూడదనే కదా అంత దూరం నడిచింది.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. కిలో బరువు కూడా లేదు. అద్దాల పెట్టెలో, ముక్కుకి గొట్టంతో ఉండేది. రక్తపరీక్షల కోసం సూదులు గుచ్చీ గుచ్చీ ఆ చిన్న మడమ నల్లగా కమిలిపోయింది. డాక్టర్ గారిది రోజూ ఒకటే మాట: "ఈ రోజు గడిచిందమ్మా, రేపటి సంగతి రేపు చూద్దాం." అలాంటి ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో జపమాల పట్టుకుని అనేశాను, "అమ్మా, పాప ఇంటికొస్తే నీ పండుగ నాడు సికింద్రాబాద్ నుంచి చెప్పుల్లేకుండా నడిచొస్తాను" అని. పాప ఇంటికొచ్చింది. ఇప్పుడు అర్ధరాత్రి లేచి ఏడిస్తే పక్కింటివాళ్లకి కూడా మెలకువ వస్తోంది. ఆ గొంతుకి అంత బలం వచ్చినందుకు నాకు రోజూ పండుగే.

పాపని మా అత్తయ్యకి అప్పగించి, చీకటి ఉండగానే మా వదినా నేనూ బయల్దేరాం. మొదట సెయింట్ మేరీస్ బసిలికా ముందు ఆగాం. 1850లో కట్టిన గుడి, 2008లో బసిలికా అయింది, అంటే పోప్ గారు ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి. మా అమ్మానాన్నల పెళ్లి జరిగింది అక్కడే. మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం ఒకటి చెప్పుకుని నడక మొదలుపెట్టాం. పారడైజ్, రాణిగంజ్, నెక్లెస్ రోడ్డు. హుస్సేన్ సాగర్ మీది గాలి చల్లగా తగులుతుంటే పాట పాడుకుంటూ నడిచాం, కాళ్ల సంగతే తెలియలేదు.

అసలు కష్టం ఖైరతాబాద్‌లో మొదలైంది. ఈ 2024లో వినాయక చవితి సెప్టెంబర్ 7న వచ్చింది, మాత పండుగ ఆ మర్నాడే, అదీ ఆదివారం. ఖైరతాబాద్ గణపతిని పెట్టడం 1954లో మొదలై 70 ఏళ్లయిందని ఈసారి 70 అడుగుల విగ్రహం నిలబెట్టారు. ఇక జనం సంగతి చెప్పాలా! ఎటు చూసినా బారికేడ్లు, ఈలలు, మైకులు, భుజాల మీద పిల్లలు. మేం వెళ్లాల్సిన దారి మూసేశారు. చుట్టూ తిరిగి ఒక బస్తీ సందులో పడ్డాం. మొన్నటి వానలకి కంకర తేలిన రోడ్డు. ఏదో రేకు ముక్క నా ఎడమ కాల్లో దిగింది. రక్తం చూసి వదిన కంగారు పడిపోయింది.

ఒక గడప ముందు ముగ్గు వేస్తున్న పెద్దావిడ చూసి లేచి వచ్చింది. "ఏమైంది బిడ్డా? గీడ కూసో" అని లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. నేను వద్దంటున్నా వినకుండా కింద కూర్చుని, నా పాదం తన ఒళ్లో పెట్టుకుంది. చెంబుతో నీళ్లు పోసి మట్టి కడిగింది. రేకు ముక్క గోటితో తీసేసి, పసుపు అద్ది, పాత నూలు చీర అంచు చింపి కట్టింది. "మేరీమాత పండుగకే కదా? మా పెద్దోడు పుట్టినప్పుడు నేను గూడ ఆ తల్లికి కొవ్వొత్తి ముట్టిచ్చిన. పో, పైలంగా పో" అంది. ఆవిడ ముగ్గు చేతి తెల్లపిండి నా కాలి మీద అలాగే అంటుకుని ఉంది. పేరైనా అడగకుండానే వచ్చేశాను.

గుడి దగ్గర మా జనం మాత్రం తక్కువా? కొవ్వొత్తుల దగ్గర తోపులాట. ఒకరు వెలిగించింది ఇంకొకరు తీసి పక్కన పడేస్తున్నారు. మాత ముందుకి చేరేసరికి నా కళ్లకి అడ్డంగా అన్నీ ఫోన్లే. తల్లి ముందు నిలబడి ఆమె వంక చూడకుండా ఆమెకి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు. వెనకున్నవాళ్లు నెడుతున్నారు, వాలంటీర్లు కదలమంటున్నారు. ఎవరో ఒకాయన చేయి దించగానే ఆ సందులోంచి కనబడింది. పట్టుచీర, కిరీటం, చంకలో బాలయేసు. మాత ముఖం కంటే ముందు నా చూపు ఆ బిడ్డ పాదం మీద పడింది. ఏ గాయమూ లేని చిన్న మడమ. అంతే, నన్ను పక్కకి జరిపేశారు. ఏమేమో చెప్పుకోవాలని వచ్చి ఒక్క ముక్క అనలేకపోయాను.

పూజలో ఫాదర్ గారి ప్రసంగం నన్ను వదలడం లేదు. తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు ఇదే సెప్టెంబర్ 8న తమిళనాడులోని వేళాంగణి ఒడ్డుకి చేరి, బతికినందుకు మాతకి గుడి కట్టారన్న కథ మనందరికీ తెలిసిందే. ఆయన దాన్ని చెప్పి, అక్కడితో ఆగలేదు. తన బంధువు ఎలిజబేతమ్మ ఇంట్లో మరియమ్మ స్తోత్రగీతం పాడినప్పటికి బిడ్డ ఇంకా పుట్టలేదు, ముందేం జరుగుతుందో తెలియదు, అయినా దేవుడు తనకి గొప్ప మేలు చేశాడని పాడింది అన్నారు. యేసు ప్రభువు రొట్టె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది శత్రువులకి తనని అప్పగించబోయే రాత్రే అన్నారు. మనం చేసే ప్రతి దివ్యబలి పూజా ఆ రాత్రి చెప్పిన కృతజ్ఞతే అన్నారు.

నేనేమో మొక్కంటే బాకీ అనుకుంటూ వచ్చాను. ఆమె ఇచ్చింది, నేను నడిచాను, లెక్క సరిపోయింది అన్నట్టు. ఆ లెక్క నిజమైతే, మా పాప పక్క పెట్టెలో ఉన్న బాబు వాళ్లమ్మ మాటేమిటి? ఆమె నాకంటే ఎక్కువ ప్రార్థించింది. నేను చూశాను. బాబు దక్కలేదు. వెళ్లిపోయే రోజు నా చేయి పట్టుకుని "మీ పాప జాగ్రత్త అండీ" అంది. నా ప్రార్థన దేవుడు విన్నాడని ఆమె ముందు నోరు తెరిచి ఎలా అనగలను? ఆమెది వినలేదనా?

పూజలో ఇచ్చే రొట్టె, దివ్యసత్ప్రసాదం తీసుకుని మోకరించినప్పుడు ఒకటి తోచింది. చంకలో ఆడుకునే బిడ్డని ఎత్తుకున్న ఈ తల్లే, సిలువ మీద చనిపోయిన కొడుకుని కూడా ఒళ్లోకి తీసుకుంది. ఆమె నా పక్షాన ఉండి ఆ తల్లిని వదిలేసిందంటే నేను నమ్మను. మా పాప నా భక్తికి దొరికిన కూలి కాదు. ఊరికే, దయగా ఇచ్చిన బిడ్డ. అలా అనుకున్నాకే నిజంగా థాంక్స్ చెప్పగలిగాను, ఏడుపు ఆగలేదు. బయటికొచ్చి ఆ బాబు కోసం ఒక కొవ్వొత్తి వెలిగించాను, ఎవరూ తీయకుండా అది కరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

వదిన ఆటో ఎక్కుదామంది. నేను ఆ సందుకి పోదామన్నాను. పదిమంది కుష్ఠరోగులు బాగైతే వెనక్కి తిరిగొచ్చి యేసు పాదాల మీద పడింది పరాయి జాతివాడైన ఒక్క సమరయుడేనని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం కదా. గణపతి జనాన్ని దాటుకుని అక్కడికి చేరడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ గడప ముందు నిలబడి, లైన్లో వస్తున్నవాళ్లకి ఆకుల్లో పులిహోర పెడుతోంది. నన్ను చూడగానే ముందు కాలు చూసింది. పాప సంగతంతా చెప్పాను. ఫోటో అడిగి, ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "నీ ముక్కే" అంది. జ్ఞానస్నానం అయ్యాక పాపని తీసుకొస్తానని మాటిచ్చాను.

బాబు వాళ్లమ్మ నంబర్ నా ఫోన్లో ఉంది. ఏం మాట్లాడాలో ఇంకా తెలియడం లేదు. ఈ వారంలో చేస్తాను.