ఓరుగల్లు ఎండల్లో ట్రిస్ బఫర్

మే నెలలో హనుమకొండ, కాజీపేట వైపు ఏసీ లేని ల్యాబ్ మధ్యాహ్నానికి 35 డిగ్రీలు దాటుతుంది. ఆ గదిలో ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలిపి, మీటర్ మీద పీహెచ్ 8.0 చూసుకొని ఫ్రిజ్‌లో పెడతారు. మర్నాడు 4 డిగ్రీల దగ్గర, ప్రొటీన్‌ను శుద్ధి చేసే కాలమ్‌లో (రెజిన్ నింపిన గొట్టం) పోసేటప్పటికి ఆ సీసాలో ఉండేది దాదాపు 8.9.

ట్రిస్ గుణమే అది. ఒక్కో డిగ్రీ చల్లబడితే పీహెచ్ సుమారు 0.028 పెరుగుతుంది. దాంతో ప్రొటీన్ మీద రుణావేశం ఎక్కువై కాలమ్‌లోని ధనావేశపు డీఈఏఈ రెజిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, విడిపించడానికి రోజూ పోసే ఉప్పుకు దిగిరాదు. నిందేమో రెజిన్ మీద పడుతుంది! మీటర్‌లో ఏటీసీ (ఆటోమేటిక్ టెంపరేచర్ కాంపెన్సేషన్) ఉందని ధీమా వద్దు. అది ఎలక్ట్రోడ్ స్పందనను సరిచేస్తుందే తప్ప, చల్లబడ్డాక బఫర్ పీహెచ్ ఎంతవుతుందో చెప్పదు.

4 డిగ్రీల దగ్గర 8.0 కావాలంటే, 35 డిగ్రీల గదిలో 7.13 దగ్గర ఆపాలి. లీటరు 1 మోలార్ స్టాక్‌కు (తర్వాత పలచన చేసి వాడే గాఢ ద్రావణం) 121.1 గ్రాముల ట్రిస్ బేస్‌ను 800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. బోరు నీళ్లు అసలే వద్దు. గాఢ హెచ్‌సీఎల్‌ను (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) ఫ్యూమ్ హుడ్‌లో కొంచెం కొంచెంగా పోయాలి. 8.0కి 42 మి.లీ. అని మాన్యువళ్లలో కనిపించేది 25 డిగ్రీల లెక్క. మనకు 70 మి.లీ. దాకా పడుతుంది. ఆమ్లం పోస్తుంటే బీకర్ వేడెక్కుతుంది, ఆ వేడిలో చూసిన రీడింగ్ నమ్మకూడదు. గది వేడికి దిగాక చివరి చుక్కలు వేసి, అప్పుడు లీటరుకు నింపండి.

ఆమ్లం ఎక్కువైతే సోడియం హైడ్రాక్సైడ్‌తో వెనక్కి తేవద్దు. పీహెచ్ కుదురుతుంది గానీ ఉప్పు మిగిలి కండక్టివిటీ పెరుగుతుంది, అయాన్ ఎక్స్‌ఛేంజ్‌కు (ఆవేశాన్ని బట్టి ప్రొటీన్లను విడదీసే ఈ కాలమ్ పద్ధతికి) ఆ బఫర్ పనికిరాదు. పారబోసి మళ్లీ కలపడమే మేలు.

50 మిల్లీమోలార్‌కు పలచన చేశాక ఇంకోసారి చూడండి, 0.1 దాకా తగ్గి ఉంటుంది. మీటర్‌ను 7.0, 9.2 స్టాండర్డ్‌లతో సరిచేసుకోండి. మామూలు సింగిల్ జంక్షన్ ఎలక్ట్రోడ్‌లోని వెండితో ట్రిస్‌కు పడదు, రీడింగ్ నిలకడగా ఉండదు. డబుల్ జంక్షన్‌ది వాడాలి.

ఈ బాధ వద్దనుకుంటే ఫాస్ఫేట్ ఉంది, డిగ్రీకి 0.003 కూడా కదలదు. కాకపోతే 7.2 చుట్టుపక్కలే బాగా పనిచేస్తుంది, కాల్షియం ఉంటే తెల్లగా విరిగిపోతుంది.

సీసా మీద 8.0 అని మాత్రమే రాసి వదలొద్దు. ఎన్ని డిగ్రీల దగ్గరో కూడా రాయండి.