దాయ్ వాళ్ళ ఊరికి

నేపాల్‌లో గోర్ఖా జిల్లాలోని దాయ్ వాళ్ళ ఇల్లు చూడాలని తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాను. ఖతర్‌లోని దోహాలో, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో, 2014 నుంచి 2019 దాకా దాయ్, నేను ఒకే రూమ్‌లో ఉన్నాం. ఎనిమిది మందిమి. ముగ్గురం తెలుగువాళ్ళం, ముగ్గురు నేపాలీలు, ఒక బంగ్లాదేశీ, ఒక శ్రీలంక తమిళుడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. జగిత్యాల దగ్గర మా ఊరు దాటి హైదరాబాద్ కూడా సరిగా చూడనివాణ్ణి, అప్పు చేసి వీసా తీసుకుని పోయాను.

నేపాలీలో దాయ్ అంటే అన్న. భాయ్ అంటే తమ్ముడే. క్యాంపులో అందరూ అందర్నీ భాయ్ అంటారు కాబట్టి నాకు ఆ తేడా తెలియలేదు. ఆయన నన్ను భాయ్ అని పిలిచినప్పుడల్లా తమ్ముడూ అనే పిలుస్తున్నాడని అర్థం కావడానికి ఏడాది పట్టింది. వెళ్ళిన మొదటి ఎండాకాలంలో సైట్‌లో నాకు కళ్ళు తిరిగితే నీడకు మోసుకెళ్ళి, నెత్తిన తడిగుడ్డ వేసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించింది ఆయనే. ఆ పూట ఆయన జీతం కోసేశారు. రాత్రికి తన కింది మంచం నాకిచ్చి పైకెక్కాడు. మళ్ళీ ఎప్పుడూ కిందికి రాలేదు.

2023 నవంబర్‌లో, దీపావళికి, బయల్దేరాను. వారం కూడా లేదనగా పశ్చిమ నేపాల్‌లోని జాజర్‌కోట్‌లో భూకంపం వచ్చి నూటయాభై మందికి పైగా పోయారు. టీవీలో అది చూసి అమ్మ వద్దంటే వద్దంది. దాయ్‌కి ఫోన్ చేస్తే, "అది మాకు చాలా దూరం, నువ్వు రా భాయ్" అన్నాడు. నిమ్మళంగానే అన్నాడు గానీ ఆ గొంతు నాకు తెలుసు. అందుకే టికెట్ రద్దు చేసుకోలేదు.

వరంగల్‌లో రప్తీసాగర్ రైలెక్కి గోరఖ్‌పూర్, అక్కడి నుంచి బస్సులో సరిహద్దు ఊరు సునౌలీ. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నా మనకు వీసా అక్కర్లేదు, గేటు కింద నుంచి నడిచి వెళ్ళిపోవడమే. వందకంటే పెద్ద నోట్లు చెల్లవన్నారని అన్నీ వందలే తీసుకెళ్ళాను. మన వందకి వాళ్ళ నూట అరవై. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకున్నాను. బుట్వల్ నుంచి నారాయణ్‌గఢ్ దాకా రోడ్డు వెడల్పు చేసే పని ఏళ్ళుగా నడుస్తోందట. బస్సులో అందరం దుమ్ము కొట్టుకుపోయాం. నారాయణ్‌గఢ్ దాటాక పక్కన త్రిశూలి నది కనబడింది. అప్పుడు గానీ ఊపిరి తీసుకున్నట్టు లేదు.

ముగ్లింగ్‌లో దిగేసరికి చీకటి పడుతోంది. దాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది. దగ్గరికి వచ్చి పట్టుకోలేదు, చేయి కూడా ఇవ్వలేదు. నా బ్యాగు తీసుకుని, నేను నేర్పిన తెలుగులో, "అన్నం తిన్నావా?" అన్నాడు. ఐదేళ్ళపాటు డ్యూటీ నుంచి వచ్చాక రోజూ వినే మాట. అక్కడే దాల్‌భాత్ తిన్నాం. ఆ తర్వాత ఆబూఖైరేనీ నుంచి ఘాట్ రోడ్డెక్కితే గోర్ఖా బజారు ఇరవై నాలుగు కిలోమీటర్లు. వాళ్ళ ఊరు ఇంకా పైన.

పొద్దున లేచి ఇంటి చుట్టూ తిరిగి చూశాను. సిమెంటు పిల్లర్లు, రేకుల కప్పు, రెండు గదులు. 2015 భూకంపంలో ఇళ్ళు పోయినవాళ్ళకు ప్రభుత్వం విడతలుగా ఇచ్చిన మూడు లక్షల నేపాలీ రూపాయలూ, దోహా సంపాదనా కలిపి కట్టుకున్నాడు. పాత ఇంటి రాళ్ళను పెరటి గోడకు వాడాడు. ఆ గోడ దగ్గర ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు గురించి ఏమీ మాట్లాడుకోలేదు. ఇద్దరి మనసుల్లో ఉన్నది మాత్రం అదే.

2015 ఏప్రిల్ 25, శనివారం. మాకు సెలవు శుక్రవారమే కాబట్టి అందరం సైట్‌లో ఉన్నాం. దోహాలో తొమ్మిదిన్నర అయి ఉంటుంది. స్కఫోల్డింగ్ మీదున్న ఒక నేపాలీ ఫోన్ మోగింది. కాసేపటికి నేపాలీలందరూ ఒక్కొక్కరే కిందికి దిగసాగారు. ఎవరూ అరవలేదు, ఏడవలేదు. అందరి చేతుల్లో ఫోన్లు. దాయ్ సిమెంటు బస్తాల మీద కూర్చుని అదే నంబరు కొడుతూనే ఉన్నాడు. ఆ భూకంపం మొదలైన చోటు గోర్ఖా జిల్లాలోని బార్పాక్ అని సాయంత్రం తెలిసింది. రాత్రి రూమ్‌లో ఎవరూ లైటు ఆర్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాఠ్మాండూ నుంచి చుట్టాల ఫోన్ వచ్చింది. అమ్మ చేనులో ఉంది, భార్యా కొడుకూ నీళ్ళకు పోయారు, ముగ్గురూ బతికారు. ఇల్లు నేలమట్టమైంది. రెండు బర్రెలు కొట్టం కింద పడి చచ్చిపోయాయి. నేపాల్‌లో శనివారం సెలవు. బడి ఉండే రోజైతే కొడుకు ఆ గోడల కింద ఉండేవాడని దాయ్ ఎన్నిసార్లు అన్నాడో.

కంపెనీ వెంటనే సెలవు ఇవ్వలేదు. అప్పట్లో పనివాడు దేశం దాటాలంటే యజమాని ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. 2018లో గానీ చాలామందికి ఆ నిబంధన తీసేయలేదు. మే 12న మళ్ళీ పెద్దది వచ్చినప్పుడు కూడా దాయ్ సైట్‌లోనే ఉన్నాడు. తల్లి ఆకాశం కింద పడుకుంటుంటే కొడుకు ఇక్కడ ఎవరివో మేడలకు పైపులు బిగిస్తున్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. రూమ్‌లో నేల మీద దుప్పటి పరిచాం. ఎవరికి తోచింది వాళ్ళు వేశారు. నా జీతం తొమ్మిది వందల రియాళ్ళు, మూడు వందలు వేశాను. బంగ్లాదేశీ అన్న కూతురి పెళ్ళికి దాచుకున్నదాంట్లోంచి తీసి వేశాడు. చివరికి సెలవు దొరికి దాయ్ వెళ్ళేటప్పుడు, అమ్మ మా ఇంటి నుంచి పంపిన మామిడికాయ పచ్చడి డబ్బా ఆయన సంచిలో పెట్టాను. ఇంకేం ఇవ్వాలో తెలియలేదు.

ఆ డబ్బా వంటింట్లో గూట్లో ఉంది. మూత మారింది, లోపల ఆవాలున్నాయి. మూత తీసి వాసన చూశాను. వదిన నవ్వింది. వాళ్ళు భౌజూ అంటారు. పచ్చడి నూనె వాసన ఎంత కడిగినా ఏడాది దాకా పోలేదని చెప్పింది.

రాత్రి నాకు కప్పుకోవడానికి రగ్గు తెచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. మెరూన్ రంగు మీద పెద్ద గులాబీలు. ఒక శుక్రవారం ఇద్దరం కలిసి బేరమాడి చెరొకటి తీసుకున్నాం. మా ఇంట్లో అది జిప్పు కవరు కూడా విప్పకుండా అటక మీద ఉంది. ఇక్కడ అంచులు అరిగి, పొయ్యి పొగ వాసన పట్టి, మధ్యలో ఒక చోట కుట్టు పడి ఉంది. దాని కింద పడుకుంటే నాకు చాలాసేపు నిద్ర రాలేదు.

ఎనిమిది మందిలో ఇప్పుడు జాడ తెలిసింది నలుగురిదే. దోహా నుంచి వచ్చేస్తే సిమ్ ఆగిపోతుంది. మేమేమో ఒకరికొకరం ఖతర్ నంబర్లే ఇచ్చుకున్నాం. ఊరి నంబరు అడగాలని ఎవరికీ తట్టలేదు. శ్రీలంక తమ్ముడు బాగా పాడేవాడు. జాఫ్నా వైపు అని తప్ప ఇంకేమీ తెలియదు. ఆ మాట వచ్చేసరికి ఇద్దరం మాట్లాడలేకపోయాం. పక్కింటి కుర్రాడు పండగ తర్వాత ఖతర్ వెళ్తున్నాడని తెలిసి, దాయ్ వాణ్ణి పిలిపించి చిన్న నోటుబుక్కు ఇచ్చాడు. రూమ్‌లో ఎవరున్నా వాళ్ళ ఇంటి నంబరు, ఊరి పేరు ఇందులో రాయించుకో అన్నాడు. మొదటి పేజీలో మా ఊరి పేరు, అమ్మ నంబరు నేను రాశాను.

నాలుగో రోజు భాయ్ టీకా, అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు బొట్టు పెట్టే పండగ. దాయ్ చెల్లెలు వచ్చింది. గడప దగ్గర అక్రోటు పగలగొట్టి, మా చుట్టూ నూనెతో గీత గీసి, నుదుటి మీద ఏడు రంగులు నిలువుగా పెట్టింది. మెడలో వంగపండు రంగు పూలదండ వేసింది. ఎండినా దాని రంగు పోదట. పెద్దవాడు కాబట్టి ముందు దాయ్‌కి, తర్వాత నాకు. ఫోటోలో నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

బయల్దేరేటప్పుడు దాయ్ అమ్మ గుంద్రుక్ మూట కట్టి ఇచ్చింది. ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టి చేస్తారు. క్యాంపులో ఆ పులుపు తిన్నప్పుడల్లా నాకు గోంగూర గుర్తొచ్చేది. ఇంటికొచ్చాక అమ్మ దాన్ని పప్పులో వేసి వండింది.

సంక్రాంతికి దాయ్ వస్తున్నాడు. అటక మీది రగ్గు దించి కవరు విప్పాం. మూడు రోజులుగా ఎండలో వేస్తోంది అమ్మ.