ఆరు నెలల ఫ్రెంచి: అంబాజీపేట నుంచి యానాం దాకా

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుల కొట్టులో లెక్కలు రాస్తాను. ముక్కనుమ నాడు మొదలుపెట్టిన ఫ్రెంచికి నేటితో ఆరు నెలలు నిండాయి. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం మాకు గౌతమి అవతలి గట్టే అయినా, నలభై రెండేళ్ళు వచ్చేవరకు ఆ భాషలో ఒక్క ముక్క నాకు తెలియదు. రోజూ తెల్లవారుజామున నలభై నిమిషాలు కూర్చుంటాను. అందులో ఇరవై నిమిషాలు వినడానికి, మిగిలినవి పలకడానికీ రాయడానికీ.

మొదటి నెల దండగ అయిందనే చెప్పాలి. డబ్బు కట్టి చేరిన ఆన్‌లైన్ తరగతిలో ప్రతి శబ్దాన్నీ ఇంగ్లీషు అక్షరాలతో నేర్పడం వల్ల, నేను నమస్కారానికి 'బాన్ జూర్' అంటూ నకారాన్ని నాలుకతో గట్టిగా నొక్కి పలికేవాణ్ణి. అసలు అక్కడ నకారమే లేదు, అచ్చు ముక్కులోంచి వస్తుందంతే. మా తాతగారి పాత పుస్తకాల్లో చూసిన అరసున్న అప్పుడు గుర్తుకొచ్చింది. 'బోఁజూర్' అని రాసుకున్న రోజు నుంచి నోరు దారిలో పడింది. 'వేఁ' అంటే వైన్, 'వాఁ' అంటే గాలి, 'వోఁ' అంటే వారు వెళ్తారు; మూడింటికీ ఇంగ్లీషు లిపిలో దొరకని తేడా అరసున్నతో కాగితం మీద కనబడుతుంది. మనం అచ్చు పుస్తకాల్లోంచి తీసేసిన గుర్తు పరాయి భాషకు ఇంతగా పనికొస్తుందని నేను అనుకోలేదు.

ఇంకొక చిక్కు ఊకారానికీ ఈకారానికీ నడిమి అచ్చు. నాలుకను 'ఈ' దగ్గరే ఉంచి, పెదవులను మాత్రం గొట్టంతో పొయ్యి ఊదేటప్పటిలా గుండ్రంగా చుట్టాలి. 'దెసూ' అంటే కింద. చివరి ఊకారానికి బదులు ఈ కొత్త అచ్చు పెడితే పైన అని అర్థం. అద్దం ముందు పది రోజులు సాధన చేశాక గానీ కింద, పైన వేరుపడలేదు. నువ్వు, మీరు అనే తేడా మనకు పుట్టుకతో వచ్చినదే కాబట్టి 'త్యు', 'వూ' దగ్గర ఒక్కరోజు కూడా ఆగలేదు.

లింగం మాత్రం ఇప్పటికీ ఏడిపిస్తోంది. మనకు ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సూ వచ్చింది. అక్కడ ప్రతి వస్తువూ ఆడో మగో తేల్చుకోవాలి. కొబ్బరిచెట్టు 'లె కోకోత్యే', పుంలింగం. కొబ్బరికాయ 'లా న్వా ద కోకో', స్త్రీలింగం. సముద్రంలో కలిసే నదికి 'ఫ్లవ్' అనీ, మరొక నదిలో కలిసేదానికి 'రివియేర్' అనీ వేర్వేరు మాటలున్నాయి. శబరి రివియేర్, స్త్రీలింగం. మన గోదారమ్మకు అన్వయించే 'ఫ్లవ్' మాత్రం పుంలింగం. ఎందుకని వెతకడం మానేసి, ఏ నామవాచకం రాసినా ముందు 'లె', 'లా' చేర్చి, పుంలింగానికి నీలం సిరా, స్త్రీలింగానికి ఎర్ర సిరా వాడుతున్నాను.

లెక్కల మనిషిని కదా, అంకెలు సులువనుకున్నాను. 70ని అరవై పది అంటారు. వినగానే చేయి 6 వేసేస్తుంది, వెనకే 'దిస్', అంటే పది, వినబడితే కొట్టివేసి 7 రాయాలి. 80ని నాలుగు ఇరవైలు అంటారు. మా బామ్మ తాటిపండ్లను పుంజీల్లో, అంటే నాలుగేసి చొప్పున, లెక్కపెట్టేది, ఆమెకైతే అది ఇరవై పుంజీలు, అదే లెక్క తిరగేసి. 97 వచ్చేసరికి నాలుగు ఇరవైలు పదిహేడు. బెల్జియంలో, స్విట్జర్లాండులో 70కీ 90కీ చక్కగా విడి మాటలున్నాయట. నాకు అక్కడి పద్ధతే న్యాయంగా తోస్తుంది. ఫోన్ నంబర్లను వారు రెండేసి అంకెల చొప్పున చెబుతారు కాబట్టి రోజూ పది జతలు విని రాస్తున్నాను. మొదట్లో ఆరు తప్పేవి, ఇప్పుడు రెండు తప్పుతున్నాయి.

పోయిన ఆదివారం అమలాపురం మీదుగా బస్సులో ఎదుర్లంక వంతెన దాటి, చిన్నతనంలో ఫ్రెంచి బడిలో చదివిన యానాం పెద్దాయన ఒకరిని కలిశాను. ఎన్ని కాయలు తెచ్చావని ఆయన ఫ్రెంచిలో సరదాగా అడిగితే, 97 అనబోయి 'కత్ర వేఁ సెత్' అన్నాను. ఆయన నవ్వి, "మిగతా పది కాయలూ గోదాట్లో కలిసిపోయాయా, గుమాస్తా గారూ?" అన్నారు. నడుమ 'దిస్' మింగేసి 87 చేశానన్నమాట. ఫ్రెంచి నేర్చుకునే పరాయివారికి పెట్టే డెల్ఫ్ పరీక్షలో తొలి మెట్టయిన ఏ1 రాయాలని ఉంది. వందకు 50 వస్తే చాలు గానీ, 25 మార్కుల నాలుగు భాగాల్లో ఏ ఒక్కదానిలోనూ 5కు తగ్గకూడదు. వినే భాగమే నా భయం. అందుకని ఈ వారం నుంచి 70 మొదలు 99 వరకే చదివించుకొని వింటూ, 'దిస్' వినబడినప్పుడల్లా బల్ల మీద వేలితో ఒక దెబ్బ వేస్తున్నాను.