విమానంతో వరి చల్లడం నేర్చుకున్న ఏడాది

మాది తణుకు దగ్గర పల్లె. నాన్న వరి రైతు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయలో వరి చేల మీద విమానం నడపడం నేర్చుకుంటున్నానని ఫోన్‌లో చెబితే, ఆయన ముందు విమానం సంగతి అడగలేదు. "అక్కడ విత్తనం మండె కడతారా?" అన్నారు.

మండె కట్టడమంటే నానిన విత్తనాన్ని మూటకట్టి మొలకెత్తించడం. ఇక్కడా దాదాపు అంతే. ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు ఓడ్చి, విమానంలోకి ఎత్తుతారు. ఏప్రిల్, మే నెలల్లో చేలో నాలుగైదు అంగుళాల నీళ్లు నిలిపి పైనుంచి చల్లుతారు. తడిసి బరువెక్కిన గింజ తేలకుండా అడుక్కి దిగుతుంది. నిలిచిన నీళ్లు ఊద లాంటి కలుపును అణిచిపెడతాయి. ఎకరానికి సుమారు 70 కిలోలు పడుతుందంటే నాన్న కాసేపు మాట్లాడలేదు. నాట్లకు ఆయన వాడేది 25 కిలోలు.

నా చేతిలో కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నా, దాన్ని చూసి ఎవరూ ఈ విమానం ఇవ్వరు. మొదటి సీజనంతా నేల మీదే పనిచేశాను. విత్తనం ఎత్తడం, మందు కలపడం, గొట్టాలు బిగించడం. కొన్ని రకాల పురుగుమందులతో తరచూ పనిచేసేవాళ్లకు అక్కడ ముందుగానే రక్తపరీక్ష చేసి, మధ్యమధ్యలో మళ్లీ పోల్చి చూస్తారు. నరాలు సరిగా పనిచేయడానికి కావాల్సిన ఎంజైము తగ్గిందంటే మందు ఒంట్లోకి వెళ్తున్నట్టే. మా ఊళ్లో చొక్కా లేకుండా, మూతికి గుడ్డ కూడా కట్టకుండా మందు కొట్టిన మనుషులు గుర్తొచ్చి ఆ రోజు మనసు బాగోలేదు.

తర్వాత తోకచక్రం ఉన్న రెండు సీట్ల విమానంలో శిక్షణ. ముక్కు పైకి లేచి ఉండటంతో నేల మీద ఎదురుగా ఏమీ కనబడదు, పక్కకు తొంగి చూస్తూ నడపాలి. అది చేతికి వచ్చాక ఎయిర్ ట్రాక్టర్ 502. దాని తొట్టి 500 గ్యాలన్లు, అంటే దాదాపు 1,900 లీటర్లు. సీటు ఒక్కటే. మొదటిసారి ఎక్కినప్పుడు పక్కన గురువు ఉండడు, రేడియోలో గొంతు మాత్రమే ఉంటుంది. ఆ టెన్షన్ ఇప్పటికీ చేతుల్లో గుర్తుంది.

ఈ విమానాన్ని ప్రమాదం జరుగుతుందన్న లెక్కతోనే కట్టారు. తొట్టి ఇంజనుకు, పైలట్‌కు మధ్యలో ఉంటుంది. నేలను గుద్దుకుంటే ఆ బరువంతా వెనక నుంచి మన మీదికి రాకూడదని. అద్దం ముందు కరెంటు తీగను కోసే కత్తి, కాక్‌పిట్ పైనుంచి తోక కొస దాకా బిగించిన ఉక్కుతాడు. కత్తికి తెగని తీగ ఆ తాడు మీదుగా జారిపోవాలి. ఇంజను మొరాయిస్తే ఒక్క లివరు లాగితే చాలు, తొట్టి మొత్తం కొన్ని సెకన్లలో ఖాళీ అయిపోతుంది. పరీక్షకు ముందు ఆ లివరును కళ్లు మూసుకుని పట్టుకోవడం వందలసార్లు సాధన చేశాను.

పరీక్షలో పైలట్ నడపడం ఒక్కటే చూడరు. విషం ఎక్కిన మనిషి లక్షణాలేమిటి, ముందు ఏం చేయాలి, ఖాళీ డబ్బాలు ఏం చేయాలి, అన్నీ అడుగుతారు. ఆ తర్వాత పూర్తి బరువుతో లేపి, చేను మీదికి దిగి, సాలు తీసి, అంటే ఒక వరుస నేరుగా చల్లుతూ పోయి, చివర పైకి లాగి తిప్పి చూపించాలి. ఆ తిప్పడంలోనే చాలామంది పోయారు. బరువుంటుంది, వేగం తగ్గుతుంది, రెక్క వాలి ఉంటుంది. ఇంకొంచెం గట్టిగా లాగితే రెక్క గాలిని వదిలేస్తుంది, విమానం పడిపోతుంది. సరిదిద్దుకోవడానికి కింద ఎత్తు ఉండదు.

ఇవన్నీ దాటాక నాకు అప్రెంటిస్ పైలట్‌గా రాష్ట్రం సర్టిఫికెట్ వచ్చింది. కానీ అసలు పాఠం నాకు తీగ నేర్పింది.

గాల్లో తీగ కనబడదు. అందుకే స్తంభాలు చూడమంటారు. పింగాణీ ఇన్సులేటర్లు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే లైను ఎటు పోతుందో తెలుస్తుంది. స్తంభాన్ని ఏటవాలుగా నేలకు లాగి పట్టే స్టే వైరు ఉందంటే లైను అక్కడ మలుపు తిరుగుతోందనో, ఆగిపోతోందనో అర్థం. పనికి ముందు పైనుంచి చేను చుట్టూ తిరిగి ఇవన్నీ లెక్కపెట్టుకోవాలి. తీగలే కాదు, గాలి కొలిచే సన్నని టవర్లు కూడా. 200 అడుగులు దాటని వాటికి చాలాకాలం రంగు గానీ దీపం గానీ తప్పనిసరి కాదు. 2011 జనవరిలో ఇదే రాష్ట్రంలో, నదీ డెల్టాలోని ఒక దీవిలో, అలాంటి టవరు తగిలి ఒక పైలట్ చనిపోయాడు.

నేను అన్నీ లెక్కపెట్టుకున్నాను. చేను చివర చెట్ల వరుస వెనక నుంచి పంపుసెట్టుకు వచ్చే లైను కూడా చూశాను. మొదటి రెండు తొట్లూ దాని ముందే పైకి లాగాను. మూడో తొట్టికి ఎండ ఎక్కింది, విత్తనం సమంగా పడుతోందా అన్న ధ్యాసలో ఉన్నాను. స్తంభం తల రెక్క పక్కన కనబడేదాకా తీగ గుర్తు రాలేదు. లాగాను. దాటింది. దిగాక ఇంజను ఆపి చాలాసేపు సీట్లోనే కూర్చున్నాను. "తెలియని తీగ కాదు, తెలిసి మర్చిపోయిన తీగే మనవాళ్లను తీసుకెళ్తుంది" అన్నాడు నాకు నేర్పినాయన, భుజం మీద చెయ్యి వేసి. ఆ మధ్యాహ్నం నన్ను మళ్లీ ఎగరనివ్వలేదు.

మర్నాడు ఆ చివర చాలా ముందే పైకి లాగి, మిగిలిన అంచును తీగకు సమాంతరంగా ఒక సాలు తీసి పూర్తి చేశాను. మొలకలు నీళ్ల పైకి వచ్చాక ఫోటో తీసి నాన్నకు పంపాను. ఆయన కన్ను అక్కడికే వెళ్లింది.

"ఆ గట్టు పక్కన పలచగా పడిందేం?"

"అక్కడ కరెంటు తీగ ఉంది నాన్నా."

"పలచగానే ఉండనీరా," అన్నారు.