బిగుసుకుపోయే కాళ్ళు, బొటనవేలి గోరు - నా అనుభవం

నెలన్నర తర్వాత రాత్రంతా నిద్రపోయాను, అందుకే పొద్దున్నే కూర్చుని రాసేస్తున్నా.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. రెండేళ్ళ కిందట కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్ను విరిగింది, విశాఖలో ఆపరేషన్ అయింది, బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. మొదట కొన్ని వారాలు కాళ్ళు తడిగుడ్డల్లా వేలాడేవి, తర్వాత వాటంతటవే ఎగరడం, మోకాళ్ళు ముడుచుకుపోవడం మొదలైంది. అమ్మ "కాళ్ళొచ్చేస్తన్నాయి నాయనా" అని ముఖలింగం వెళ్ళి మొక్కుకుంది. అది నడక కాదమ్మా, మెదడు అదుపు కిందికి అందక కండరాలు బిగపడుతున్నాయి అని చెప్పడానికి నాకు రెండ్రోజులు నోరు రాలేదు. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర 5 ఎంజీ రోజుకి మూడుసార్లు మొదలెట్టి 10కి పెంచారు, వదిన పొద్దున్నే కాళ్ళు సాగదీసేది, బాగానే గడిచింది.

పోయిన నెల ఒక్కసారిగా పెరిగిపోయింది. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదొకటి పడిపోయేవి, వీల్‌చైర్‌లోంచి కిందకి జారిపోయేవాడిని. అన్నయ్య ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు, పేరు రాయను. లైన్లో ఉండగా కాలు ఎగిరి అటెండరు స్టూలుకి తగిలింది. "కాళ్ళాడుతున్నాయిగా, చైరెందుకు, నాటకాలా?" అని ఒడియాలో అరిచాడు. అందరూ నావైపు తిరిగారు. నాకు ఒడియా వచ్చు, జవాబు కూడా వచ్చు, కానీ అన్నయ్య తల దించుకోవడం చూసి గొంతు పెగల్లేదు. లోపల డాక్టరు గారు కాళ్ళ మీద దుప్పటి కూడా తీయలేదు, మాత్ర 20కి పెంచి పంపేశారు. పగలంతా మత్తు, మంచం మీంచి చైర్‌లోకి మారడానికి చేతుల్లో సత్తువ లేదు, బిగుతు మాత్రం అలాగే ఉంది. మళ్ళీ వెళ్తే వెన్నులోకి మందు పంపించే పంపు ఒంట్లో పెట్టించుకోండి, లక్షలవుతుంది అన్నారు. ఆ రాత్రి అన్నయ్య మడి అమ్మేద్దామన్నాడు. మాత్రలే ఆపేస్తా అన్నాను నేను.

పాతపట్నం నుంచి వచ్చే ఫిజియో ఫోన్లోనే కేకలేశాడు, బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణాల మీదకొస్తుంది అని. సాయంత్రం బండి మీద వచ్చాడు. మూత్రం వాసనొస్తోందా, విరేచనం సాఫీగా అవుతోందా, పిరుదుల మీద పుండ్లున్నాయా అని అడిగి, అన్నీ చూసి, చివరికి సాక్సు లాగాడు. కుడి బొటనవేలు ఎర్రగా ఉబ్బిపోయి ఉంది, గోరు అంచు కండలోకి దిగి పక్కన పసుపు పచ్చగా చీము. నాకు రవ్వంత నొప్పి తెలీదు. మనకి తెలియని నొప్పి కిందున్న నరాలకి తెలుస్తుందట, అవి కాళ్ళని ఇలా ఎగరేస్తాయట.

మా ఊరి దగ్గర డాక్టరు ఆ గోరు అంచు తీసి యాంటీబయాటిక్ ఇచ్చాడు. నాలుగో రోజుకి కాళ్ళు పాత స్థితికొచ్చాయి, మాత్ర కూడా ఆయనే మెల్లగా తగ్గిస్తున్నాడు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే, ఒక్కసారిగా బిగుతు పెరిగితే మోతాదు పెంచమనే ముందు ఒళ్ళంతా వెతకమనండి. దుప్పటి తీయని డాక్టరు ఎంత పెద్దాయనైనా "కాళ్ళు చూడండి సార్" అని గట్టిగా అడగండి, నేను అడగలేదు, ఆ బాధ ఇంకా ఉంది. బిగిసిన కండలోకి వేసే బొటాక్స్ సూదులు కొందరికి పనిచేస్తాయి కానీ దాని బలం మూడు నెలలే, మళ్ళీ వేయించుకోవాలి.

ఇప్పుడు వదిన రోజూ దీపం పెట్టాక నా సాక్సులు విప్పి, టార్చి పట్టుకుని వేళ్ళ సందులన్నీ చూస్తుంది.