ఆడపిల్లల ఫ్యాన్స్ అసోసియేషన్‌కి ఫ్లెక్సీలుండవు
మేముండేది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, పుట్టిల్లు కడప. సెలవులకి వచ్చినామంటే మా అమ్మకి పాప బట్టలతోనే పంచాయితీ. "ఏందమ్మే, ఎప్పుడు జూసినా నల్లగుడ్డలేసుకోని తిరుగుతాంది, ఎవురన్నా పోయినారా ఏంది" అంటాది. పాపకి పదైదేండ్లు, బీటీఎస్ అనే కొరియా పాటగాళ్ల గుంపంటే పిచ్చి, వాళ్ల ఫ్యాన్స్‌ని ఆర్మీ అంటారంట.

ఈసారి మా అన్న కూతురు కూడా ఆర్మీనే అని బయటపడింది. ఇద్దురూ మిద్దెపైన రూంలో తలుపేసుకోని ఆ పాటగాళ్ల బొమ్మలుండే ఫోటోకార్డులు ముందరేసుకోని కూర్చుంటారు, ఒక్కో కార్డుకి ఒక్కో ప్లాస్టిక్ కవరు, అన్న కూతురైతే వాటిని అవ్వ బీరువాలో పట్టుచీరల కింద దాచిపెట్టింది, నాయన చూస్తే చదువు పాడైతాందని కేకలేస్తాడని.

మా అన్న కొడుకు సంగతి వేరే. హీరో సినిమా రిలీజైతే ఏడు రోడ్ల కాడ ఫ్లెక్సీ కడతాడు, దాంట్లో వీడి మొహం కూడా ఉంటాది, పాలాభిషేకాలు చేసి అర్ధరాత్రి ఇంటికొస్తాడు, ఎవురూ ఏమీ అనరు, మగపిల్లోడు గదా. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో 1964లో మొదలైన ఒక రీసెర్చ్ సెంటర్లో ఇట్లాంటి కుర్రోళ్ల గుంపుల మీద చానా పని జరిగింది, టెడ్డీ బాయ్స్, మాడ్స్, స్కిన్‌హెడ్స్ అని ఒక్కో రకం బట్టలేసుకోని తిరిగే బ్రిటన్ గుంపులు, చూస్తే అంతా మగపిల్లోళ్లే. 1976లో అక్కడి ఆంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ మరి ఆడపిల్లలు యాడున్నారని అడిగినారు. ఇంట్లో, బెడ్‌రూముల్లో ఉన్నారు, రోడ్డు మీదికి పంపిస్తే గదా! పోస్టర్లు, పాటలు, ఒకరిద్దురు స్నేహితురాళ్లు, అదే వాళ్ల గుంపు.

అసలు గుంపు ఎందుకు కడతారంటే ఒక్కొక్కరు ఒకటి చెప్తారు. స్కూల్లో పేరు రాని పిల్లోళ్లు తమకి పేరొచ్చే ఇంకో లెక్క పెట్టుకుంటారని అమెరికాలో ఆల్బర్ట్ కోహెన్ అనే సోషియాలజిస్టు 1955లో అన్నాడు, మా పాపకి అది అతకదు, మార్కులు బాగానే వస్తాయి. బ్రిటన్‌లో ఇంకో కోహెన్, ఫిల్ కోహెన్, 1972లో ఈస్ట్ లండన్ గురించి రాసిందే నాకు తగిలింది, పెద్దోళ్లలో తెగకుండా మిగిలిన గొడవని పిల్లోళ్లు బట్టల్లో పాటల్లో తెంపుకోవాలని చూస్తారని, నిజంగా తెగదు గానీ తెగినట్టుంటాది. మా ఇంట్లో తెగని గొడవ మేం ఏ ఊరోళ్లమని, ఏటా "ఇంకో రెండేండ్లు చూసి పోదాం" అనుకుంటానే ఉన్నాం. పాప అక్కడ ఇండియన్, ఇక్కడ లండన్ పాప. కొరియా ఎవురి సొంతూరూ కాదు కాబట్టి అక్కడ ఎవురూ దీన్ని తప్పు పట్టరు.

మరి కడప దాటని అన్న కూతురికి ఏం గొడవ? అదే అడిగితే "అన్న రోడ్డు మీద ఎగురుతాడు, మేం రూంలో ఎగురుతాం, అంతే గదా అత్తా" అనింది. మెక్‌రాబీ చెప్పిందే, కాకపోతే ఒక్క ముక్కలో. మేం తిరిగి పోయే లోపల మా అన్నతో మాట్లాడాల, కొడుక్కి ఫ్లెక్సీ డబ్బులిచ్చేది ఆయనే మరి.