రోళ్లపాడు గడ్డిలో జనుము చిమ్మట

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు చేరేసరికి ఎండెక్కింది. 1988లో బట్టమేక పక్షి కోసమని ప్రకటించిన అభయారణ్యమిది. ఆ పక్షి ఇప్పుడు కనబడదు. కృష్ణజింకలు మాత్రం మందలకు మందలు. వచ్చినవాళ్లంతా కెమెరాలతో వాటి వెనకే.

నా చూపు కాళ్ల దగ్గరే ఆగిపోయింది. అడుగేసినప్పుడల్లా గడ్డిలోంచి తెల్లటిదేదో లేచి, నాలుగు గజాలు ఎగిరి వాలుతోంది. వాలగానే రెక్కల్ని ఒంటికి చుట్టేసుకుంటోంది. మీగడ రంగు మీద నల్లచుక్కలు, వాటి మధ్య ఎర్రచుక్కలు. ఎగిరినప్పుడే బయటపడే వెనక రెక్కలు తెలుపు, అంచున వంకరటింకర నల్లపట్టీ. పట్టపగలు తిరుగుతోంది కదా అని సీతాకోకచిలుక అనుకునేరు! దాని మీసాల కొసన చిన్న గుండు ఉంటుంది, దీనివి కొసదాకా సన్నదారాలే. ఇది చిమ్మట, ఉటెథీసా ప్రజాతి. మన దగ్గర పుల్కెల్లా, లోట్రిక్స్ లాంటి జాతులున్నాయి, చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఫొటో చూసి ఫలానాదని తేల్చేసేవాళ్లను నేను నమ్మను.

"దీన్ని ఇంతసేపు చూస్తాండారేంది సార్? జనుము చేన్లో యాడ చూసినా ఇదే గదా!" అన్నాడు వాచర్. బాట పక్కన జనుము జాతిదే అయిన గిలిగిచ్చ మొక్క చూపించాడు. ఎండిన కాయలు గలగలమంటున్నాయి. ఒక పచ్చికాయకు బెజ్జం కనిపిస్తే చీల్చాను. లోపల బూడిద నలుపు గొంగళి, తెల్లచారలు, నారింజ మచ్చలు, పలచటి నూగు. తల గింజలో దూర్చేసి తింటోంది, వెనకంతా నల్లటి రెట్ట గుళికలు.

తల్లి ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ముందు ఆకు కొరికి, ఎదిగాక కాయలోకి దూరుతుంది. తిండి చాలించాక కిందికి దిగి, ఎండుటాకుల్లో పలచటి పట్టుగూడు అల్లుకుని ప్యూపా అవుతుంది. జనుము జాతి మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషపదార్థాలుంటాయి. పశువులు ఎక్కువగా తింటే కాలేయం పాడవుతుంది. ఈ పురుగు ఆ విషాన్నే ఒంట్లో దాచుకుని, రెక్కలొచ్చాక కూడా మోసుకు తిరుగుతుంది. ఆ ఎర్రచుక్కల ఆర్భాటం అందుకే, నన్ను తినొద్దని హెచ్చరిక. అమెరికాలో దీని దగ్గరి చుట్టం మీద కార్నెల్ శాస్త్రవేత్త థామస్ ఐస్నర్ పనిచేశారు. గూట్లో చిక్కిన చిమ్మటను సాలీడే దారాలు తెంచి వదిలేస్తుందట!

వాచర్‌కు ఈ విషం గొడవ పట్టలేదు. పచ్చిరొట్టకు వేసిన జనుమును పూతలోనే కలియదున్నేస్తారు, ఇక కాయ తొలిచేదెక్కడ? విత్తనానికి వదిలినోళ్లకే దీంతో తంటా అన్నాడు.